సాయంత్రం పడవ లోపు: ఆస్ట్రేలియా దీవుల ఒకరోజు యాత్రలపై వాదం ఎక్కడిదాకా వచ్చింది

ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, చూపించాల్సిన వాటిలో గుడి, బీచి, ఆపెరా హౌస్‌తో పాటు ఒక దీవి కూడా ఉంటుంది. మెల్‌బోర్న్ వాళ్లు ఫిలిప్ ఐలాండ్‌కు తీసుకెళ్తారు. పెర్త్ వాళ్లు రాట్‌నెస్ట్‌కు, అడిలైడ్ వాళ్లు కంగారూ ఐలాండ్‌కు, బ్రిస్బేన్ వాళ్లు మోర్టన్‌కో గరికో (మొన్నమొన్నటి దాకా ఫ్రేజర్ ఐలాండ్), కెయిర్న్స్ దాకా వెళ్లగలిగినవాళ్లు గ్రీన్ ఐలాండ్‌కు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడ 59 వేల పైచిలుకు తేలారు. అంతకు ఐదేళ్ల ముందు 34 వేలే. పొద్దున దీవికి వెళ్లి రాత్రికి తిరిగొచ్చే జనంలో మనవాళ్లూ పెరుగుతున్నారు.

ఆ ఒక్క పూట యాత్ర మీద ఆస్ట్రేలియాలో నలభై యాభై ఏళ్లుగా వాదం నడుస్తోంది. దీవిలో ఎంతమందిని అడుగు పెట్టనివ్వాలి? వచ్చినవాళ్లు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు? రాత్రికి ఆగేవాళ్లు మేలా, సాయంత్రం పడవకు వెళ్లిపోయేవాళ్లు మేలా? అసలు ఈ మాట చెప్పే హక్కు ఎవరిది? పార్కు అధికారులు, జీవశాస్త్రవేత్తలు, పడవల యజమానులు, మూలవాసులు ఈ ప్రశ్నలకు తలా ఒక జవాబు చెబుతున్నారు. ఒకరి మాట ఒకరికి అడ్డం వచ్చి ఇప్పుడు చిక్కుముడి బాగా బిగిసింది. దాన్ని పోగు పోగుగా విప్పి చూడాల్సిన సమయం ఇది.

టార్చి లైటు నుంచి ఫోన్ కెమెరా దాకా

మెల్‌బోర్న్‌కు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్లను చూపించడం 1920ల్లోనే మొదలైంది. స్థానికులు కొందరు టార్చి లైట్లు పట్టుకుని సమ్మర్‌ల్యాండ్ తీరానికి సందర్శకులను నడిపించుకు వెళ్లేవారు. 1940లో దీవికి వంతెన పడింది. దాంతో పడవ వేళ చూసుకోవాల్సిన పని తప్పింది, జనం ఎన్నో రెట్లు పెరిగారు. ఉత్తరాన గ్రీన్ ఐలాండ్‌లో 1954లో సముద్రం అడుగున గది కట్టి, ఒళ్లు తడవకుండా పగడాలు చూసే వీలు కల్పించారు. పన్నెండు హెక్టార్ల ఆ చిన్న దిబ్బ కెయిర్న్స్‌కు 27 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పగడాలను తినే ముళ్లకిరీటపు నక్షత్రచేపలు విరుచుకుపడిన సంగతి ఆ ప్రాంతంలో 1962లో మొదట బయటపడింది కూడా అక్కడే. 1980ల్లో వేగంగా పోయే పెద్ద కటమరాన్ పడవలు రావడంతో, అంతకుముందు ఒక్క రోజులో వెళ్లిరాలేని బయటి పగడపు దిబ్బలు కూడా పొద్దుటి టిఫినుకూ రాత్రి భోజనానికీ మధ్య ఇమిడిపోయాయి.

ఈ చరిత్రలో చాలామంది మరిచిపోయే మలుపు గరి దీవిది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి అది. పొడవు 120 కిలోమీటర్ల పైమాటే. 1970ల్లో దాన్ని నిజంగా కబళించబోయింది ఖనిజాల కోసం ఇసుక తవ్వకం. 1971లో ఏర్పడిన దీవి పరిరక్షకుల సంఘం, దాని నాయకుడు జాన్ సింక్లెయిర్ కోర్టుల చుట్టూ తిరిగి, విచారణ సంఘాల ముందు వాదించి 1976లో తవ్వకం ఆపించగలిగారు. చెట్ల నరుకుడు ఆగడానికి 1991 దాకా పట్టింది. 1992లో దీవికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. తవ్వకం పోతే ఉపాధి ఎలాగని అడిగిన ప్రతిసారీ వచ్చిన సమాధానం ఒక్కటే: పర్యాటకులు వస్తారు. వచ్చారు. ఇప్పుడు ఏటా నాలుగైదు లక్షల మంది వస్తున్నారు. నాటి రక్షణ మంత్రమే ఇవాళ్టి ఆందోళన అయింది.

ఇక 2010ల నుంచి వచ్చిన మార్పుకు కారణం జేబులోని ఫోను. రాట్‌నెస్ట్‌లో క్వొక్కా అనే చిన్న జంతువు ఉంటుంది. పిల్లి అంత ఉంటుంది, కంగారూ జాతిది, ముఖం నవ్వుతున్నట్టే ఉంటుంది. దాంతో సెల్ఫీ దిగడం కోసమే ప్రపంచం నలుమూలల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. 2017 డిసెంబరులో టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ దిగిన ఫొటో ఆ మోజును ఆకాశానికెత్తింది. కొండలు, తీరాలు చూడడానికి వచ్చే దశ దాటి, ఒక్క ఫొటో కోసం వచ్చే దశ వచ్చింది. నియమాలు రాసినవాళ్లు ఇంకా ఆ మార్పును అందుకునే ప్రయత్నంలోనే ఉన్నారు.

మొదటి పక్షం: లెక్క పెట్టండి, ఆపండి

ఈ పక్షానికి కంచుకోట లార్డ్ హవ్ దీవి. సిడ్నీ నుంచి విమానంలో రెండు గంటల ప్రయాణం. నివాసులు నాలుగు వందల చిల్లర. ఏ సమయంలోనైనా సందర్శకులు 400 మందికి మించకూడదని అక్కడి నియమం. పడక ఖాళీ ఉంటేనే ప్రయాణం. దీవి 1982 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. పరిమితి కోరేవాళ్లు ముందుగా చూపించేది దీన్నే.

అయితే అక్కడికి దారి ఒక చిన్న విమానాశ్రయం మీదుగానే. తలుపు ఒక్కటే అయినప్పుడు తలలు లెక్కపెట్టడం తేలిక. గరికి అలా కుదరదు. ఇన్‌స్కిప్ పాయింట్ దగ్గర బార్జి ఎక్కితే పది నిమిషాల్లో దీవి దక్షిణ కొసకు చేరతారు. రివర్ హెడ్స్ నుంచి ఇంకో బార్జి ఉంది. సొంత పడవల్లో వచ్చేవాళ్లు వేరు. రోడ్డంటే సముద్రపు ఒడ్డు ఇసుకే. డెబ్బై అయిదు మైళ్ల బీచి అని దానికి పేరు. పోటు పూర్తిగా తగ్గిన వేళకు రెండు గంటలు అటూ ఇటూ చూసుకుని, టైర్లలో గాలి తగ్గించి, జీపులు వరసగా పరుగెడతాయి. ఈస్టరుకో క్రిస్మసుకో వెళ్తే ఆ ఇసుక మీద వాహనాల రద్దీ పట్టణపు హైవేను తలపిస్తుంది. 2020 అక్టోబరులో ఎవరో అనుమతి లేకుండా వేసిన చలిమంట నుంచి రేగిన కార్చిచ్చు నెలల తరబడి కాలి దాదాపు సగం దీవిని బూడిద చేసింది. ఒక్క నిర్లక్ష్యం చాలు అన్న పరిమితివాదుల మాటకు అంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

దీనికి ఎదురు వాదం పర్యాటక వ్యాపారుల నుంచే కాదు, పరిశోధకుల నుంచి కూడా వచ్చింది. "ఒక చోటు ఎంతమందిని మోయగలదు" అన్న లెక్క 1960ల్లో అమెరికా అడవుల నిర్వహణలో బాగా ప్రచారంలోకి వచ్చింది. కానీ 1985 నాటికి అక్కడి అటవీశాఖ పరిశోధకులే ఆ ప్రశ్నను తిరగరాశారు. ఎంతమంది అని అడగడం మాని, ఎంత మార్పును మనం ఒప్పుకోగలం అని అడగాలన్నారు. బాటలో నిశ్శబ్దంగా నడిచే వెయ్యి మంది కంటే బాట తప్పిన పదిమంది ఎక్కువ నష్టం చేయగలరని వాళ్ల వాదన సారం. ఆస్ట్రేలియా పార్కుల శాఖలు చాలావరకు ఈ మాటనే పట్టుకున్నాయి.

గరి విషయంలో మాత్రం ఆ వాదన సగమే నిలుస్తుంది. నడత నేర్పాలంటే నేర్పడానికి ఒక గుమ్మం ఉండాలి. వంద కిలోమీటర్ల ఒడ్డుకు గుమ్మం ఉండదు. కాబట్టి కనీసం పండుగ సెలవుల్లోనైనా వాహనాల అనుమతులకు రోజువారీ హద్దు పెట్టడం న్యాయం. తిరుమలలో టైమ్ స్లాట్ టోకెన్లు వచ్చాక భక్తి తగ్గలేదు.

రెండో పక్షం: చోటును సిద్ధం చేయండి, జనం వస్తే రానివ్వండి

ఈ వాదానికి నిలువెత్తు ఉదాహరణ ఫిలిప్ ఐలాండ్. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఒకప్పుడు ఆ దీవిలో పది చోట్ల పెంగ్విన్ల గుంపులు ఉండేవి. నక్కలు, కుక్కలు, కార్లు, ఇళ్ల స్థలాల దెబ్బకు తొమ్మిది మాయమయ్యాయి. మిగిలింది సమ్మర్‌ల్యాండ్ ఒక్కటే. పైగా దాని మధ్యలోనే ప్లాట్లు వేసి అమ్మిన కాలనీ ఉంది. 1985లో విక్టోరియా ప్రభుత్వం ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకుంది. కాలనీలోని ప్రతి ఇంటినీ, ప్రతి ఖాళీ స్థలాన్నీ డబ్బిచ్చి తిరిగి కొనాలని! పాతికేళ్లు పట్టింది. 2010 నాటికి ఆఖరి ఆస్తి కూడా చేతికొచ్చింది. ఇళ్లు తీసేశారు, రోడ్లు పెకలించారు, గడ్డి నాటారు. నక్కల వేట ఏళ్ల తరబడి సాగి, 2017లో దీవిలో నక్కలు లేవని ప్రకటించారు. వేల పక్షులు ఇవాళ అక్కడ గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతున్నాయి.

ఇక సందర్శకుడి వైపు నుంచి చూడండి. సూర్యుడు దిగే వేళకు కాంక్రీటు మెట్ల మీద జనం కూర్చుంటారు. కెమెరాలు, ఫోన్లు లోపల పెట్టేయాలి. ఫ్లాష్ ఉన్నా లేకపోయినా ఫొటో తీయకూడదు. అలల అంచున మొదట నాలుగైదు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. జానెడున్నర ఎత్తు, కిలో బరువున్న పక్షులు. ఒడ్డుకొచ్చి నిలబడతాయి, ఏదో అనుమానం, మళ్లీ నీళ్లలోకి. ఇంకో గుంపు వచ్చి కలిసేదాకా ఆగుతాయి. ధైర్యం చిక్కాక తలలు వంచుకుని, ఒకదాని వెంట ఒకటి, ఆ తెరిపి ఇసుకను గబగబా దాటేస్తాయి. ఆ తర్వాత చెక్కబాటల కిందుగా, జనానికి చేతికందే దూరంలో, తమ బొరియలకు ఎక్కిపోతాయి. ఆట ముగిశాక కారు పార్కింగులో ఒక బోర్డు ఉంటుంది: బండి తీసే ముందు కింద వంగి చూడండి, పెంగ్విన్ ఉండవచ్చు.

రోజుకు వేలమంది వచ్చినా పక్షి నడక మారకపోవడానికి కారణం వాళ్ల మంచితనం ఒక్కటే కాదు. కూర్చునే చోటు, వెలుగు రంగు, నడిచే బాట, చేతిలో ఉండకూడని వస్తువు, అన్నీ ముందే తేల్చి పెట్టారు. టికెట్ డబ్బు పక్షుల పరిశోధనకూ, దీవి సంరక్షణకూ పోతుంది. హవాయి దీవుల్లోని హనౌమా బేలో మొదటిసారి వచ్చే ప్రతి సందర్శకుడూ నీళ్లలోకి దిగే ముందు ఒక వీడియో చూడాల్సిందే. అదీ ఇదే ఆలోచన.

దీని మీద విమర్శ కూడా ఉంది. 2019లో 5.8 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త కేంద్రం, దుకాణం, ధరను బట్టి దగ్గరగానో దూరంగానో ఉండే సీట్లు చూసి ఇది ప్రకృతి కాదు, ప్రదర్శన అని కొందరు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ప్రదర్శన అన్న పేరుకు భయపడి ఆ మెట్లు తీసేస్తే జనం ఇసుక మీదే నిలబడతారు. మెల్‌బోర్న్ నగరంలోనే సెయింట్ కిల్డా రేవు రాళ్ల మధ్య ఉండే పెంగ్విన్ల దగ్గర అదే జరిగింది. టార్చీలు, ఫోన్లు మొహం మీద పెట్టేవాళ్ల బెడద పెరిగింది.

తాకడం, తినిపించడం

రెండో పక్షంలోనే ఒక ఇంటిపోరు ఉంది. జంతువును చేతికి అందనిస్తే మనిషికి దాని మీద ప్రేమ పెరుగుతుందా, లేక జంతువుకు మనిషి అలవాటై నాశనమవుతుందా?

ప్రేమే పెరుగుతుందనేవాళ్లు మోర్టన్ దీవిలోని టాంగలూమాను చూపిస్తారు. 1952 నుంచి 1962 దాకా అది తిమింగలాలను కోసిన కర్మాగారం. పదేళ్లలో ఆ తీరంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు దాదాపు అడుగంటిపోయాయి. అదే చోట రిసార్టు వచ్చింది. 1992 నుంచి సాయంత్రం పూట అడవి డాల్ఫిన్లు ఒడ్డుకు వస్తే సందర్శకులు వరసలో నిలబడి, సిబ్బంది చెప్పినట్టు చేపను నీళ్లలో అందిస్తారు. ముట్టుకోనివ్వరు. ఒక్కో డాల్ఫిన్‌కు రోజు ఆకలిలో కొంత భాగమే పెడతారు. పిల్లలు జీవితాంతం గుర్తుంచుకునే పది క్షణాలవి, నిజమే.

వ్యతిరేకుల సాక్ష్యం పశ్చిమ తీరంలోని మంకీ మియా నుంచి వస్తుంది. అది దీవి కాదు గానీ పాఠం ఇక్కడికీ పనికొస్తుంది. చేపలు తినిపించిన తల్లి డాల్ఫిన్ల పిల్లలు ఎక్కువగా చనిపోతున్నాయని పరిశోధకులు గమనించాక 1990ల మధ్యలో అక్కడ తినిపించే పద్ధతినే మార్చేశారు. నియమం పెట్టాక పిల్లల మరణాలు తగ్గాయి. అంటే తినిపించడం హానికరమే, కానీ హద్దుల్లో పెడితే హాని తగ్గుతుంది. రెండు పక్షాలూ ఈ ఒక్క ఫలితాన్నే తమకు అనుకూలంగా చెప్పుకుంటాయి.

డింగోల దగ్గర మాత్రం సందేహానికి తావు లేదు. గరి దీవిలో ఆ అడవి కుక్కలు వందా రెండు వందల మధ్య ఉంటాయి. క్యాంపుల దగ్గర తిండి రుచి మరిగిన డింగో మనిషి చేతిని తిండిగానే చూస్తుంది. 2001 ఏప్రిల్‌లో తొమ్మిదేళ్ల పిల్లవాడు వాటి దాడిలో చనిపోయాడు. ఆ తర్వాత 31 డింగోలను చంపారు. పిల్లవాడి ప్రాణం పోయింది, ఏ పాపం తెలియని జంతువుల ప్రాణాలూ పోయాయి. మొదట బిస్కెట్ విసిరినవాళ్లు ఎవరో ఎప్పటికీ తెలియదు. అయినా 2023లో డింగోలతో సెల్ఫీలు దిగిన ఇద్దరికి చెరో 2,300 డాలర్ల జరిమానా వేయాల్సి వచ్చింది.

మన కుటుంబాలు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. పులిహోర డబ్బా, పెరుగన్నం, చేగోడీల పొట్లం లేకుండా మన ప్రయాణం ఉండదు. నోరులేని జీవికి ఇంత పెట్టడం పుణ్యమనేది మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు. రాట్‌నెస్ట్‌లో క్వొక్కా దగ్గరికొచ్చి మూతి చాపితే తాతయ్య చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోతుంది. అక్కడ అది నేరం. అన్నం, రొట్టె దాని ఒంటికి పడవు. ఆ మాట పడవ ఎక్కకముందే పెద్దవాళ్లకు నెమ్మదిగా చెప్పాలి, అక్కడికెళ్లాక చెయ్యి పట్టుకుని లాగడం కంటే అది మర్యాద.

మూడో పక్షం: ఒక పూట చాలదు, రాత్రికి ఆగండి

ఒకరోజు యాత్రికుడు దీవికి భారం తప్ప లాభం కాదన్నది ఈ పక్షం మాట. మరుగుదొడ్డి వాడతాడు, చెత్త వదులుతాడు, ఒక ఐస్‌క్రీమ్ కొంటాడు, వెళ్లిపోతాడు. రాత్రికి ఆగినవాడు గది అద్దె కడతాడు, భోజనం చేస్తాడు, తెల్లవారి తీరిగ్గా నడుస్తాడు. వెనిస్ నగరం 2024 ఏప్రిల్‌లో పెట్టిన ప్రవేశ రుసుము ఈ తర్కం మీదే నిలిచింది: రద్దీ రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్లు కట్టాలి, రాత్రికి ఉండేవాళ్లు కట్టనక్కర్లేదు.

కంగారూ ఐలాండ్ విషయంలో ఈ వాదం పూర్తిగా ఒప్పు. పేరుకు దీవే గానీ పొడవు దాదాపు 150 కిలోమీటర్లు. అడిలైడ్ నుంచి వంద కిలోమీటర్ల పైన రోడ్డు, కేప్ జెర్విస్ దగ్గర ఫెర్రీ, ముప్పావు గంట సముద్రం, ఆపైన దీవి ఆ కొస దాకా ఇంకో రెండు గంటలు. తెల్లవారకముందే బయల్దేరి, అర్ధరాత్రి ముందు ఇల్లు చేరే బస్సు టూర్లలో ఎక్కువ కాలం గడిచేది కిటికీ పక్కనే. సీల్ బే దగ్గర రేంజర్ వెంట ఇసుకలోకి దిగి, వేట నుంచి అలిసి వచ్చి పడుకున్న సముద్ర సింహాలను చూసే నడకకు తీరిక కావాలి. 2019-20 వేసవి మంటల్లో దీవి సగం దాకా కాలిపోయింది. ఆ అడవి మళ్లీ చిగురిస్తున్న తీరు చూడాలన్నా ఒక పూట చాలదు. అరవై దాటిన పెద్దవాళ్లను ఈ దీవికి ఒక్క రోజులో తిప్పి తేవడం వాళ్ల ఒంటికి శిక్ష. (ఇంటి నుంచి తేనె సీసా తీసుకెళ్లకండి. అక్కడి లిగూరియన్ తేనెటీగలకు జబ్బు సోకకుండా బయటి తేనెను దీవిలోకి రానివ్వరు.)

కానీ ఈ పక్షం మాట అన్నిచోట్లా చెల్లదు. రాత్రికి ఆగమనడం అంటే డబ్బున్నవాళ్లు మాత్రమే రమ్మనడమే అవుతుంది చాలాచోట్ల. పగడపు దీవుల రిసార్టుల్లో ఒక రాత్రి గది అద్దెతో నలుగురున్న కుటుంబం గ్రీన్ ఐలాండ్‌కు వెళ్లిరావచ్చు. అద్దె టాక్సీ నడుపుతూ చదువుకునే కుర్రాడికీ, గోదాముల్లో రాత్రి షిఫ్టు చేసే అమ్మాయికీ సముద్రం మధ్యలో ఒక పగలు గడిపే హక్కు ఉంది. ఆ హక్కును ఒకరోజు యాత్ర మాత్రమే తీర్చగలదు. రాట్‌నెస్ట్‌ను తరతరాలుగా పెర్త్ సామాన్యులు తమ దీవి అనుకోవడానికి కారణం అదే. ప్రైవేటు కార్లు లేని ఆ 19 చదరపు కిలోమీటర్లలో అద్దె సైకిలు ఒక్కటి చాలు.

పైగా రాత్రి బసకు భవనాలు కావాలి. కంగారూ ఐలాండ్‌లోనే ఫ్లిండర్స్ చేజ్ జాతీయ పార్కు లోపల ప్రైవేటు లాడ్జీలకు ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు, ఏళ్లుగా పార్కుకు ఉచితంగా చాకిరీ చేసిన వాలంటీర్లు నిరసనగా పని ఆపేశారు. పూట యాత్రికుడి అడుగుజాడ పోటుకు చెరిగిపోతుంది, లాడ్జి పునాది చెరగదు.

నాలుగో పక్షం: అడగాల్సింది ఇంటివాళ్లను

పై మూడు పక్షాలూ దీవిని ఖాళీ స్థలంగా భావించి మాట్లాడాయి. 1990ల తర్వాత, ముఖ్యంగా గత పదిహేనేళ్లలో, ఆ భావనే ప్రశ్నకు గురైంది.

రాట్‌నెస్ట్‌ను నూంగార్ ప్రజలు వాజెమప్ అంటారు. 1838 నుంచి అది మూలవాసుల జైలు. పశ్చిమ ఆస్ట్రేలియా నలుమూలల నుంచి దాదాపు 4,000 మంది మగవాళ్లను, పిల్లలను గొలుసులతో తెచ్చి అక్కడ పెట్టారు. జైలును 1904లో అధికారికంగా మూసినా, ఖైదీలతో పని చేయించడం 1931 దాకా సాగింది. అంటే సెలవులకు వచ్చిన కుటుంబాలు ఇసుకలో ఆడుకుంటున్న కాలంలోనే ఖైదీలు రోడ్లు వేస్తున్నారు. కనీసం 373 మంది అక్కడే చనిపోయారు. వాళ్లను పూడ్చిన నేల మీద దశాబ్దాల పాటు సందర్శకులు గుడారాలు వేసుకున్నారు. ఖైదీలు నిద్రపోయిన క్వాడ్ అనే జైలు భవనం హోటల్ గదులయింది. అది 2018లో మూతపడింది. ఇవాళ ఆ శ్మశానం దగ్గర బోర్డులున్నాయి, నూంగార్ గైడ్లతో నడకలున్నాయి. కానీ ఉదయం పడవ దిగి సాయంత్రం పడవ ఎక్కే జనంలో ఎక్కువమంది క్వొక్కా దగ్గర మొదలై బేకరీ దగ్గర ఆగిపోతారు. జైలు భవనం ఆ రెండింటికీ కొద్ది దూరంలోనే ఉంది.

డార్విన్‌కు ఉత్తరాన తివీ దీవులది వేరే పద్ధతి. అక్కడి నేల చట్టప్రకారం తివీ ప్రజలది. బయటివాళ్లు రావాలంటే అనుమతి ఉండాలి. ఫెర్రీలో వెళ్లే ఒకరోజు టూర్లు తివీ గైడ్ల చేతిలో, చిత్రకారుల కేంద్రాల మీదుగా నడుస్తాయి. ఏటా మార్చిలో జరిగే ఫుట్‌బాల్ ఫైనల్ రోజున మాత్రం అనుమతి లేకుండానే అందరూ రావచ్చు. ఎంతమంది రావాలి, ఎప్పుడు రావాలి, ఏం చూడాలి అన్నవి వచ్చేవాళ్లు కాక ఉండేవాళ్లు నిర్ణయించడం అంటే ఇదే.

గరి ఈ రెండింటి మధ్యన ఉంది. 2014లో అక్కడి మూలవాసులైన బుచుల్లా ప్రజలకు ఆ నేల మీద హక్కును కోర్టు గుర్తించింది. 2023 జూన్‌లో దీవికి పాత పేరు తిరిగొచ్చింది. బుచుల్లాల మూడు నియమాలు ఇప్పుడు సందర్శకులకు ఇచ్చే సమాచారంలో ముందుంటాయి: నేలకు మేలు చేసేదే మొదట, నీది కానిదాన్ని ముట్టకు, పుష్కలంగా ఉంటే పంచుకో. రేంజర్లలో బుచుల్లాలు ఉన్నారు. కానీ అనుమతుల సంఖ్య తేల్చే కలం ఇంకా రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

నాలుగు పక్షాలూ ఒకే దీవి గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తాయి గానీ ఒక్కొక్కరి మనసులో ఒక్కో దీవి ఉంది. లెక్క పెట్టమనేవాళ్ల మనసులో లార్డ్ హవ్. దానికి ద్వారం ఒక్కటే, జనం తక్కువ, పద్ధతి కుదిరింది. చోటును సిద్ధం చేయమనేవాళ్లది ఫిలిప్ ఐలాండ్. అక్కడ చూసేది ఒక తీరం, ఒక వేళ. కాబట్టి వేలమందిని కూర్చోబెట్టవచ్చు. ఆగమనేవాళ్లది కంగారూ ఐలాండ్, దూరమే అక్కడి సమస్య. ఇంటివాళ్లను అడగమనేవాళ్లది తివీ, అక్కడ యాజమాన్యం తేలిపోయింది. ఒక దీవి పాఠాన్ని ఇంకో దీవికి అప్పగించినప్పుడే వాదం చిక్కుపడుతోంది. టాస్మేనియా పక్కన మరియా దీవిలో కార్లు లేవు, దుకాణాలు లేవు, వచ్చినవాళ్లు తమ చెత్త తామే తీసుకెళ్లాలి, వాంబాట్ అనే జంతువులను ఫొటోల కోసం వేధించనని ప్రతిజ్ఞ చేయమని 2019 నుంచి అడుగుతున్నారు. అంత పద్ధతిగా నడిచే చోటే, జాతి అంతరించకుండా కాపాడడానికి 2012లో తెచ్చి వదిలిన టాస్మేనియన్ డెవిల్ అనే జంతువులు అక్కడి పెంగ్విన్ల గుంపును తుడిచిపెట్టేశాయి. ఆ నష్టంలో యాత్రికుల పాత్ర ఏమీ లేదు.

మన దగ్గర నాగార్జునకొండ పడవ ప్రయాణం, పాపికొండల విహారం కూడా ఈ కోవలోవే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి పదుల మంది చనిపోయాక మన చర్చ లైఫ్ జాకెట్లు, అనుమతుల చుట్టూ తిరిగింది. ముందు ప్రాణం నిలవాలి కాబట్టి అది సబబే. పడవ భద్రంగా ఒడ్డు చేరాక దిగినవాళ్లు ఏం చేయాలన్న ప్రశ్న మన దగ్గర ఇంకా మొదలు కాలేదు.

ఇంకా తేలనివి

అన్నింటికంటే పెద్ద ముడి పగడపు దిబ్బలది. గ్రేట్ బారియర్ రీఫ్‌కు 1975లో చట్టం వచ్చింది, 1981లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, 1993 నుంచి ప్రతి సందర్శకుడి టికెట్‌లో రోజువారీ పర్యావరణ రుసుము చేరింది, 2004లో మూడో వంతు ప్రాంతంలో చేపల వేట నిషేధించారు. సందర్శకుల్లో అత్యధికులు కెయిర్న్స్, విట్సండే ప్రాంతాల్లోని కొద్దిపాటి మేరకే పరిమితమవుతారు. నిర్వహణలో వంక పెట్టడం కష్టం. అయినా 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024ల్లో నీటి వేడికి పగడాలు పెద్దయెత్తున తెల్లబారాయి. సందర్శకుల నడతలో లోపం వెతికితే ఈ సమస్యకు జవాబు దొరకదు. వాళ్లు ఎక్కి వచ్చిన విమానంలో కొంత దొరుకుతుంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో అక్కడి పర్యాటకుల్లో దాదాపు 70 శాతం మంది పగడాలు పోకముందే చూసేద్దామని వచ్చినట్టు చెప్పారు. పోతుందన్న భయమే జనాన్ని రప్పిస్తుంటే, ఆ రావడం దాని పోవడాన్ని తొందరపెడుతుంటే, రావద్దని చెప్పాలా? పడవల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి, నీళ్లలో ఏం జరుగుతోందో ప్రతిరోజూ చూసి చెప్పగల కళ్లు కూడా ఆ పడవల్లోనే ఉన్నాయి. ఇక్కడ ఏ పక్షం దగ్గరా సరైన సమాధానం లేదు.

రెండోది డబ్బు లెక్క. రాట్‌నెస్ట్‌లో ప్రవేశ రుసుము పడవ టికెట్‌లోనే కలిసి ఉంటుంది, దీవి నిర్వహణకే పోతుంది. ఫిలిప్ ఐలాండ్‌దీ దాదాపు అదే దారి. క్వీన్స్‌లాండ్ జాతీయ పార్కుల్లో మనిషికి ప్రవేశ రుసుము లేదు. గరిలో వాహనానికి, క్యాంపు చేయడానికి అనుమతి రుసుము ఉంటుంది. జీపులో ఇద్దరు వచ్చినా అయిదుగురు వచ్చినా వాహన రుసుము ఒకటే. మనిషి తలకు రుసుము పెడితే పేద కుటుంబాలకు భారమని ఒక వాదం. పెట్టకపోతే కాలిన అడవిని, అరిగిన బాటలను ఎవరి డబ్బుతో బాగుచేస్తారని ఇంకో వాదం. వసూలైన దానిలో బుచుల్లాల వాటా ఎంత ఉండాలన్నది మూడో ప్రశ్న.

మూడోది డింగో. మనుషులు క్యాంపు చేసే చోట్ల కంచెలు పెంచుకుంటూ పోవడమా, లేక పిల్లలున్న కుటుంబాలను కొన్ని తీరాలకు రాత్రిపూట రానివ్వకుండా ఆపడమా? కంచెలు చాలాచోట్ల వచ్చేశాయి.  జనాన్ని దూరం పెట్టే ప్రతి నిర్ణయానికీ హెర్వీ బే, రెయిన్‌బో బీచ్ ఊళ్లలో టూరు బస్సుల మీద, బార్జీల మీద బతికేవాళ్లు అభ్యంతరం చెబుతారు. వాళ్ల కష్టం కూడా నిజమైనదే. వచ్చే ఈస్టరు సెలవులకైనా వాహనాల అనుమతులకు హద్దు పెట్టి, ఆ ఏడాది డింగోల ఫిర్యాదులు, బాటల అరుగుదల, ఆ ఊళ్ల ఆదాయం మూడింటినీ కొలిచి చూస్తే, ఇన్నేళ్ల వాదానికి మొదటిసారి అంకెలు దొరుకుతాయి.